కాండోర్ తినే కళేబరం ఎవరిది?

కాలిఫోర్నియాలో శాన్ వాకీన్ లోయకు దక్షిణపు అంచున, బేకర్స్‌ఫీల్డ్ దాటాక కొండలు మొదలవుతాయి. శీతాకాలం వానలకు కొన్నాళ్లు పచ్చబడి, తర్వాత ఏడాదంతా ఎండుగడ్డి రంగులోనే ఉండే కొండలివి. కనుచూపు మేర ముళ్లకంచెలు, అక్కడక్కడా ఓక్ చెట్లు, వాటి నీడన ఆవులు. బే ఏరియా నుంచి లాస్ ఏంజెలెస్‌కి కారులో వెళ్లే మన తెలుగువాళ్లు టెహోన్ కనుమ దగ్గర ఈ రాంచ్‌ల (పశువుల్ని మేపే పెద్ద పెద్ద ప్రైవేటు భూముల) మధ్య నుంచే పోతుంటారు. ఆ సమయంలో అందరి దృష్టీ ట్రాఫిక్ మీదే ఉంటుంది, తల ఎత్తి చూసేవాళ్లు తక్కువ. ఉత్తర అమెరికా నేల మీద బతికే పక్షుల్లో అతి పెద్ద రెక్కలున్న కాలిఫోర్నియా కాండోర్ తిండి వెతుక్కునేది ఇక్కడే. దాని రెక్కలు విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకి తొమ్మిదిన్నర అడుగులు. బరువు 8 నుంచి 10 కిలోలు.

కాండోర్ వేటాడదు, చచ్చినదాన్ని తింటుంది. రాబందుల సంగతి తెలిసిన మనకు ఇందులో వింతేమీ లేదు. అయితే ఈ ఒక్క అలవాటు వల్లే దాని బతుకు మనుషుల చేతిలోకి పోయింది. ఆ జంతువు ఎలా చచ్చింది, ఎవరి భూమిలో చచ్చింది, చచ్చాక దాన్ని ఏం చేశారు? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే తప్ప, ఒక కాండోర్ ఒక దూడ మీద వాలిన దృశ్యం మంచి వార్తో చెడ్డ వార్తో చెప్పలేం. నలభై ఏళ్లుగా శాస్త్రవేత్తలు, రాంచర్లు, వేటగాళ్లు, కోర్టులు కలిసి కొట్టుకుంటున్నది ఈ మూడు ప్రశ్నల చుట్టూనే.

ముందు ఆ దృశ్యం సంగతి చూద్దాం. ఈనిక కాలంలో ఒక దూడ పుడుతూనే చచ్చిపోయి వాలులో పడి ఉందనుకుందాం. దాన్ని మొదట కనిపెట్టేది కాండోర్ కాదు. వాసన పట్టడంలో దానికి పెద్ద నేర్పు లేదు, అంతా కంటిచూపే. వాసన మొనగాడు టర్కీ వల్చర్ అనే చిన్న రాబందు. దాని ముక్కు ఎంత చురుకంటే, గ్యాస్ లీకైతే మనకు తెలియాలని గ్యాస్‌లో కలిపే కుళ్లు వాసన పదార్థానికి కూడా అది వచ్చి తిరుగుతుంది. కాలిఫోర్నియాలో గ్యాస్ కంపెనీ మనుషులు పైపు ఎక్కడ చిల్లు పడిందో ఈ పక్షుల గుంపును చూసి పోల్చుకున్నారని 1930లలోనే ఒక పక్షి శాస్త్రవేత్త దృష్టికి వచ్చింది. దూడ దగ్గరికి ఆ టర్కీ వల్చర్లు దిగుతాయి, బొంతకాకులు చేరతాయి, గోల్డెన్ ఈగల్ అనే పెద్ద గద్ద ఒకటి రావచ్చు. ఎక్కడో మైళ్ల దూరంలో ఎత్తున తిరుగుతున్న కాండోర్ చూసేది ఈ సందడినే. ఆ కాండోర్ దారి మళ్లడం ఇంకో కాండోర్ చూస్తుంది. అలా ఒకదాన్ని చూసి ఒకటి వస్తాయి.

వచ్చినా వెంటనే దిగవు. చూడ్డానికి వెళ్లినవాళ్ల ఓపికకు పరీక్ష ఇక్కడే. కొండ గట్టు మీదో, ఎండిన చెట్టు మీదో కూర్చుని గంటల తరబడి గమనిస్తాయి. ఒక్కోసారి రాత్రి అక్కడే గడిపి మర్నాడు దిగుతాయి. ఇంత జాగ్రత్త ఎందుకంటే, దిగడం తేలికే గాని లేవడం కష్టం. పది కిలోల పక్షి కడుపు నిండా తిన్నాక నేల మీంచి గాల్లోకి లేవాలంటే పరుగెత్తడానికి జాగా కావాలి, ఎదురుగాలి కావాలి, కిందికి దిగే వాలుంటే ఇంకా మంచిది. పొదలు దట్టంగా ఉన్న చోట జింక చచ్చి పడున్నా కాండోర్ చాలాసార్లు వదిలేస్తుంది. పశువులు మేసి గడ్డి పొట్టిగా ఉన్న కొండవాలు అయితే దానికి సరిగ్గా సరిపోతుంది. రాంచ్‌లకీ కాండోర్‌కీ ఉన్న బంధంలో చచ్చిన పశువు సగం, ఆవులు మేసి చదును చేసిన ఆ గడ్డినేల మిగతా సగం.

నేల మీదికి వచ్చాక అసలు తమాషా మొదలవుతుంది. కాండోర్ కాళ్లు గద్ద కాళ్లలాంటివి కావు. వాటితో పట్టుకుని ఎత్తుకుపోవడం కుదరదు, నడవడానికీ తొక్కిపట్టడానికీ పనికొస్తాయి. పెద్ద ఆవు తోలు మందంగా ఉంటే మెత్తని చోట్ల నుంచే మొదలుపెడుతుంది: కళ్లు, నాలుక, ఆసనం. కయోటీలు (నక్కలాంటి అడవి జంతువులు) ముందే వచ్చి పొట్ట చీల్చి ఉంటే పని సులువు. తల మీద ఈకలు లేకపోవడం వల్ల మెడ దాకా లోపలికి దూర్చినా రక్తం అంటుకుని అట్టకట్టదు. తిన్నాక తలనీ మెడనీ గడ్డికేసి రుద్దుకోవడం కూడా చూడొచ్చు. చూసేవాళ్లకి అసహ్యంగా ఉండొచ్చు గాని, అంత శుభ్రంగా ఉండే పక్షి అరుదు.

తినడంలో వరసలున్నాయి. పెద్ద పక్షులు ముందు, పిల్లవి తర్వాత. ఒంటరిగా ఉన్న కాండోర్ గోల్డెన్ ఈగల్‌కి చాలాసార్లు దారిస్తుంది. రెండింతలు బరువున్నది వెనక్కి తగ్గడమేమిటని మొదటిసారి చూసినవాళ్లు ఆశ్చర్యపోతారు. కారణం గోళ్లే. ఈగల్‌కి ఆయుధాలున్నాయి, కాండోర్‌కి లేవు. నాలుగైదు కాండోర్లు చేరితే మాత్రం లెక్క మారుతుంది.

వయసు తల రంగులో కనిపిస్తుంది. చిన్నవాటి తల నల్లగా బూడిదరంగులో ఉంటుంది. ఐదారేళ్లకి, అంటే జత కట్టే వయసుకి, అది నారింజ ఎరుపుకి తిరుగుతుంది. రెక్కల అడుగున తెల్లని త్రికోణం పట్టీ కూడా పెద్దవాటిలోనే స్పష్టంగా ఉంటుంది. తిన్నదో లేదో తెలుసుకోవాలంటే రొమ్ము పైభాగం చూడాలి. గొంతు సంచి నిండితే ఈకల మధ్య నుంచి గులాబీ రంగు తోలు ఉబ్బి బయటికి కనిపిస్తుంది. ఒక్క పూటకి కిలో, కిలోన్నర దాకా లాగించగలదు. ఆ తర్వాత వారం, పది రోజులు తిండి లేకపోయినా ఉండగలదు. రెక్కకి కట్టిన నంబరు ట్యాగ్, చాలావాటికి జీపీఎస్ పరికరం కూడా ఉంటాయి. అడవి పక్షికి నంబరేమిటని నొచ్చుకునేవాళ్లున్నారు. ఆ నంబర్లు లేకపోతే ఈ జాతి ఈపాటికి మ్యూజియంలో ఉండేది.

కాండోర్ అసలు ఈ రాంచ్‌ల దగ్గరికి ఎలా చేరిందో తెలిస్తే తర్వాతి గొడవ అర్థమవుతుంది. మంచుయుగంలో ఖండమంతా మామత్‌లు, పెద్ద పెద్ద జంతువులు ఉన్నప్పుడు కాండోర్లు చాలా దూరం వ్యాపించి ఉండేవి. ఆ జంతువులు అంతరించాక ఎక్కువ భాగం నుంచి కాండోర్ కూడా కనుమరుగైంది. పసిఫిక్ తీరాన మాత్రం మిగిలింది, ఎందుకంటే అక్కడ ఒడ్డుకు కొట్టుకొచ్చే తిమింగలాలు, సీల్‌లు ఉన్నాయి. పాత ఎముకల్లోని ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) పరీక్షిస్తే సముద్రపు తిండి తిన్న గుర్తులు దొరికాయి. 1769 నుంచి స్పానిష్ మిషన్లు (క్రైస్తవ మత కేంద్రాలు) రావడం, వాటితో పశువులు రావడంతో కథ మారింది. మాంసానికి గిరాకీ లేదు, తోలుకీ కొవ్వుకీ ఉంది. వేల పశువుల్ని కోసి, తోలు ఒలిచి, కొవ్వు తీసుకుని మిగతాది మైదానాల్లోనే వదిలేసేవారు. కాండోర్‌కి అంతకన్నా పండగ ఏముంటుంది? సముద్ర జంతువుల్ని మనుషులు వేటాడి తగ్గించేస్తున్న రోజుల్లోనే నేల మీద ఈ కొత్త విస్తరి పరిచినట్టయింది. అంటే పశుపోషణ కాండోర్ అడవిని ఆక్రమించిందని చెప్పే మామూలు కథ ఇక్కడ పూర్తిగా సరిపోదు. ఒక దశలో దాన్ని నిలబెట్టింది పశువులే.

తర్వాత మనుషులు తుపాకులతో సరదాకి కాల్చారు, గుడ్లు సేకరించి అమ్మారు, పశువుల్ని వేటాడే జంతువుల్ని చంపడానికి విషం పూసిన కళేబరాలు పెట్టారు. రెండేళ్లకి ఒక్క గుడ్డు పెట్టే పక్షి ఈ దెబ్బల్ని తట్టుకోలేదు. కోడిలా ఏడాదికి వందలు పెట్టే జీవి అయితే వేరు సంగతి. కాండోర్ పిల్ల గూడు వదలడానికే ఆరు నెలలు పడుతుంది, ఆ తర్వాత కూడా నెలల తరబడి తల్లిదండ్రుల తిండి మీదే ఆధారపడుతుంది. అలాంటి జాతిలో ఒక పెద్ద పక్షి చావు అంటే రాబోయే చాలా ఏళ్ల పిల్లల నష్టం.

కాపాడాలని ప్రభుత్వం మొదట చేసిన పని పేరుకి బాగానే ఉంది. 1937లో సిస్‌క్వాక్, 1947లో సెస్పీ అని లాస్ పాడ్రేస్ అడవుల్లో రెండు అభయారణ్యాలు పెట్టారు. కొండచరియల్లో గూళ్లు ఉన్న చోట మనుషుల్ని రానివ్వలేదు. ఇందులో ఒక పెద్ద లోపముంది. అభయారణ్యంలో అవి పడుకుంటాయి, గుడ్లు పెడతాయి. తినేది మాత్రం అక్కడ కాదు. ఒక రోజులో వంద మైళ్లకు పైగా తిరగగలిగే పక్షి ఉదయం ఎండెక్కి గాలి పైకి లేవగానే అడవి దాటి, లోయ చుట్టూ ఉన్న రాంచ్‌ల మీదికి పోతుంది. పడకగదికి కాపలా పెట్టి వంటింటిని గాలికి వదిలేశారు. గూళ్ల దగ్గర ఎవరూ ఏమీ చేయకపోయినా పక్షులు తగ్గుతూనే ఎందుకు పోయాయో చాలాకాలం అంతుచిక్కకపోవడానికి ఇదే కారణమని నా ఉద్దేశం.

1982 నాటికి మిగిలినవి 22. 1984-85 శీతాకాలంలో అడవిలో ఉన్న 15లో 6 మాయమయ్యాయి. జత కట్టే జంటల్లో చాలావరకు విరిగిపోయాయి. ఇక మిగిలినవాటిని కూడా పట్టి జూలో పెంచాలని ఒక వర్గం, కొన్నిటినైనా బయట ఉంచకపోతే వాటి భూముల్ని కాపాడే కారణమే పోతుందని ఇంకో వర్గం. పట్టొద్దంటూ పక్షుల సంరక్షణ సంస్థ నేషనల్ ఆడుబాన్ సొసైటీ కోర్టుకి వెళ్లింది. కింది కోర్టులో గెలిచింది, అప్పీలులో ఓడింది. ఈ వాదనల మధ్య తెరమీదకొచ్చిన భూమి పేరు హడ్సన్ రాంచ్. మంచి మేత కొండలు, కాండోర్లు తరచూ దిగే చోటు. శుభ్రమైన కళేబరాలు పెట్టడానికి అనువుగా ఉంటుందని ఫెడరల్ ప్రభుత్వం 1985లో దాన్ని కొన్నది. ఇప్పుడది బిట్టర్ క్రీక్ వన్యప్రాణి శరణాలయం. 1986 జనవరిలో ఏసీ-3 అనే ఆడపక్షి సీసం విషంతో చచ్చిపోయాక వాదన ముగిసినట్టే అయింది. 1987 ఏప్రిల్ 19న ఏసీ-9 అనే మగపక్షి బిట్టర్ క్రీక్‌లో ఎరగా పెట్టిన కళేబరం దగ్గరికి దిగింది. ఫిరంగిలా పేలి మీద పడే వల పేలింది. అడవిలో స్వేచ్ఛగా ఉన్న చివరి కాండోర్ అలా తిండి దగ్గరే దొరికిపోయింది. ప్రపంచంలో మొత్తం కాండోర్లు 27, అన్నీ పంజరాల్లోనే.

శాన్ డియేగో, లాస్ ఏంజెలెస్ జూలలో పెంచిన పిల్లల్ని 1992 నుంచి మళ్లీ వదలడం మొదలుపెట్టారు. 1996లో ఆరిజోనా వెర్మిలియన్ క్లిఫ్స్‌లో, 1997లో బిగ్ సర్ తీరాన, 2002లో మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో, 2003లో పినకిల్స్‌లో, 2022లో యురోక్ తెగవారి చొరవతో ఉత్తర కాలిఫోర్నియా రెడ్‌వుడ్ అడవుల్లో వదిలారు. 2023 చివరికి మొత్తం 561 కాండోర్లు, వాటిలో 344 బయట ఎగురుతున్నవి. అంకెలు చూస్తే గెలుపులాగే ఉంది. అయితే చనిపోయినవాటిని పరీక్షించి కారణం తేల్చగలిగిన వాటిలో దాదాపు సగం సీసం వల్ల చచ్చినవే.

సీసం ఎలా వస్తుంది? మామూలు వేట తూటా లోపల సీసం, పైన రాగి పొర. గంటకి సుమారు రెండు వేల మైళ్ల వేగంతో దూసుకొచ్చి ఎముకకో కండకో తగలగానే సీసం పొడిపొడిగా చిందుతుంది. కాల్చిన జింకకి ఎక్స్‌రే తీస్తే గాయం దారి చుట్టూ ఇసుక చల్లినట్టు వందల ముక్కలు కనిపిస్తాయి. వేటగాడు జింకని అక్కడే చీల్చి పేగులు వదిలి మాంసం తీసుకెళ్తాడు. చాలా ముక్కలు ఆ పేగుల కుప్పలోనే ఉంటాయి. రాంచ్‌లో సంగతి ఇంకా విడివిడిగా ఉంటుంది: నేల ఉడతలు గడ్డినేలని బొరియలు చేస్తాయని రాంచర్ చిన్న తుపాకీతో కాలుస్తాడు, వాటిని అక్కడే వదిలేస్తాడు. దూడల మీదికి వస్తున్న కయోటీని కాలుస్తాడు. అడవి పందుల్ని కాల్చడానికి డబ్బు తీసుకుని వేటగాళ్లని రానిస్తాడు. కాలు విరిగి లేవలేని ఆవుని బాధపడకుండా నుదుటి మీద ఒక తూటాతో ముగిస్తాడు. ఇందులో ఏదీ దుర్మార్గం కాదు, రోజువారీ పని. వాటిలో ప్రతిదీ కాండోర్ భోజనమే.

కాండోర్ కడుపులో ఆమ్లం చాలా గాఢం. ఆంత్రాక్స్ లాంటి సూక్ష్మజీవుల్ని కూడా హరాయించుకోడానికి రాబందులకి పనికొచ్చే ఆ ఆమ్లమే సీసాన్ని కరిగించి రక్తంలోకి పంపుతుంది. సీసం నరాల్ని కొడుతుంది. గొంతు సంచి, కడుపు కదలడం మానేస్తాయి. పక్షి తింటుంది, తిన్నది లోపలికి దిగదు, గొంతు సంచి నిండుగా ఉండగానే ఆకలితో చచ్చిపోతుంది. బయటి నుంచి చూసేవాళ్లకి ఉబ్బిన రొమ్ము చూసి కడుపు నిండిన పక్షి అనిపిస్తుంది. కాబట్టి పొలం గట్టున కూర్చుని ఎటూ కదలని కాండోర్‌ని చూసి హాయిగా అరిగించుకుంటోంది అని తీర్మానించేయకూడదు. అక్కడి బృందాలు ఏడాదికి ఒకటి రెండుసార్లు ఒక్కో పక్షినీ పట్టి రక్తం తీసి సీసం కొలుస్తాయి. మోతాదు దాటితే జూకి తీసుకెళ్లి కీలేషన్ చేస్తారు, అంటే రక్తంలో సీసాన్ని పట్టి బయటికి పంపే మందు ఎక్కిస్తారు. కాలిఫోర్నియా కాండోర్ల మీద 2012లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం బయట తిరిగే వాటిలో ఏటా సుమారు 20 శాతానికి ఈ చికిత్స అవసరమైంది.

ఈ సీసం తూటాదేనని రుజువేమిటని వేట సంఘాలు అడిగాయి. న్యాయమైన ప్రశ్నే. సీసానికి కూడా పుట్టుక గుర్తుంటుంది. వేర్వేరు గనుల సీసంలో ఐసోటోపుల పాళ్లు వేరుగా ఉంటాయి. పక్షి రక్తంలో ఉన్నదాన్ని తూటాల్లో ఉన్నదానితో, చుట్టూ మట్టిలో ఉన్నదానితో పోల్చి చూశారు. ఈక కూడా సాక్ష్యం చెబుతుంది. అది నెలల తరబడి పెరుగుతుంది గనక, మొదటి నుంచి కొన దాకా ముక్కలు చేసి కొలిస్తే ఏ వారాల్లో విషం తిందో కనిపిస్తుంది. ఎక్కువ కేసులు తూటాల వైపే చూపించాయి. కొన్ని పక్షుల్లో మాత్రం అడవి మంటల్ని కనిపెట్టడానికి కట్టిన పాత ఫైర్ టవర్‌కి వేసిన సీసం పెయింటు బయటపడింది. ఈ చిన్న మినహాయింపును దాచకుండా చెప్పడమే ఆ శాస్త్రం మీద నమ్మకం పెంచింది.

2007లో కాలిఫోర్నియా కాండోర్ తిరిగే ప్రాంతాల వేటలో సీసం తూటాల్ని నిషేధించింది. అది 2008లో అమల్లోకి వచ్చింది. 2013లో ఇంకో చట్టం వచ్చి, 2019 జులై నుంచి రాష్ట్రమంతా వన్యప్రాణుల మీద సీసం తూటా వాడకూడదు. రాష్ట్రంలోనే అతి పెద్ద ప్రైవేటు భూఖండం, 2,70,000 ఎకరాల టెహోన్ రాంచ్, తన భూమిలో వేటకి 2008 నుంచే సీసం మాన్పించింది. అంతకు ముందు అక్కడ ఒక చేదు సంఘటన జరిగింది. 1980లలో పట్టి, దాదాపు పద్నాలుగేళ్లు జూలో ఉంచి, 2000లో మళ్లీ అడవికి వదిలిన ఏసీ-8 అనే పాత ఆడపక్షిని 2003లో ఆ రాంచ్ మీదే పందుల వేటకి వచ్చిన ఒకతను కాల్చి చంపాడు. రాంచ్‌ల మీద చాలా కోపం వచ్చిన రోజులవి.

చట్టం వచ్చాక గోల్డెన్ ఈగల్స్‌లో, టర్కీ వల్చర్లలో సీసం తగ్గినట్టు వెంటనే కనిపించింది. కాండోర్లలో మాత్రం అంత తేటగా తగ్గలేదు. చట్టం పనికిరాదని కొందరు, ఎవరూ పాటించడం లేదని కొందరు అన్నారు. చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక కాండోర్ ఏడాదికి 75 కళేబరాల మీద తింటుందనుకోండి. వందలో ఒక్క కళేబరంలోనే సీసం ఉందనుకోండి, అంటే 99 మంది చట్టాన్ని పాటించినట్టే. అప్పుడు కూడా ఆ పక్షి ఏడాదిలో కనీసం ఒక్కసారి విషం తినే అవకాశం సగం కంటే ఎక్కువ. పైగా కాండోర్లు గుంపుగా తింటాయి కాబట్టి ఒక్క కళేబరం పది పక్షుల్ని ముంచుతుంది. పక్షి యాభై, అరవై ఏళ్లు బతకగలదు. వదిలిన పక్షులు అనుభవం వచ్చేకొద్దీ మనం పెట్టే తిండి మానేసి సొంతంగా వెతుక్కుంటాయి, అంటే అడవి పక్షిగా ఎంత బాగా బతికితే ప్రమాదం అంత పెరుగుతుంది. ఈ కథలో నాకు అన్నిటికంటే మింగుడుపడని విషయం ఇదే.

రాంచర్ వైపు నుంచి కూడా వినాలి. నిషేధం వన్యప్రాణుల్ని కాల్చడానికి వర్తిస్తుంది. సొంత ఆవుకి ప్రాణం తీయడానికి వాడే తూటా దాని పరిధిలోకి రాదు, అది మనిషి మంచితనానికే వదిలేసినట్టయింది. ఉడతల్ని కాల్చే చిన్న సైజు తుపాకీకి సీసం లేని తూటాలు దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ, గురి సరిగ్గా కుదరడం లేదని ఫిర్యాదు. దానికి తోడు ఆన్‌లైన్‌లో తూటాలు కొని నేరుగా ఇంటికి తెప్పించుకోవడం కుదరకుండా 2018 నుంచి, కొన్న ప్రతిసారీ నేపథ్య తనిఖీ తప్పనిసరంటూ 2019 నుంచి నిబంధనలు వచ్చాయి. పట్టణానికి గంటల దూరంలో ఉన్న రాంచర్ పాత డబ్బాలో మిగిలిన సీసం తూటాలే వాడేస్తే ఆశ్చర్యం లేదు. బిగ్ సర్ ప్రాంతంలో పనిచేసే వెంటానా వైల్డ్‌లైఫ్ సొసైటీ దీన్ని గ్రహించి, చుట్టుపక్కల రాంచర్లకీ వేటగాళ్లకీ సీసం లేని తూటాలు ఉచితంగా పంచుతోంది. ఆరిజోనాలో నిషేధమే లేదు. అక్కడ 2005 నుంచి వేట శాఖ ఉచితంగా రాగి తూటాలిచ్చి, పేగుల కుప్పల్ని తీసుకొచ్చి అప్పగించమని బతిమాలుతుంది. కైబాబ్ ప్రాంతపు వేటగాళ్లలో 80 శాతం పైగా సహకరిస్తున్నారు. అయినా అక్కడ కూడా సీసం సమస్య తీరలేదు, పైన చెప్పిన లెక్క వల్లనే. చట్టమా, బతిమాలటమా అన్న చర్చలో నా మొగ్గు రెండూ కావాలన్న వైపే. బెదిరిస్తే ఎవరూ లేని కొండ మీద ఏం జరిగిందో ఎవరికీ తెలియదు.

మరి పక్షులకి శుభ్రమైన తిండి మనమే పెట్టేస్తే? పెడుతున్నారు. డెయిరీల్లో చచ్చి పుట్టిన దూడల్ని తెచ్చి, మనుషులకీ తిండికీ సంబంధముందని తెలియకుండా రాత్రిపూట వేసి వస్తారు. పట్టి పరీక్షించడానికి కూడా ఆ చోట్లే పనికొస్తాయి. ఇబ్బంది ఏమిటంటే, ఒకే చోట ఎప్పుడూ తిండి దొరికే పక్షి వెతకడం మర్చిపోతుంది, మనుషుల ఊళ్ల చుట్టూ తిరగడం అలవాటు చేసుకుంటుంది. 2021 మే నెలలో టెహాచపి దగ్గర ఒక ఇంటి డెక్ మీద ఇరవై దాకా కాండోర్లు దిగి, కప్పిన గుడ్డలు చించి, రెట్టలతో నింపి రచ్చ చేశాయి. ప్రపంచంలో ఉన్న ఈ పక్షుల్లో అంత వాటా ఒకే ఇంటి డాబా మీద! ఇంటివాళ్లకి టెన్షన్, పేపర్లకి వార్త. నీళ్లు చల్లి తోలమన్నారు అధికారులు. ఇంకో సమస్య పిల్లలది. తల్లిదండ్రులు కాల్షియం కోసం ఎముక ముక్కలు, గుల్లలు వెతికి తెస్తాయి. రోడ్డు పక్కన, పాత రాంచ్ చెత్తకుప్పల్లో మెరిసే సీసా మూతలు, గాజు పెంకులు వాటికి అలాగే కనిపిస్తాయి. అవి పిల్ల కడుపులో పేరుకుని చంపేస్తాయి.

బిగ్ సర్ పక్షులు మధ్యలో పాత అలవాటుని మళ్లీ కనిపెట్టాయి: ఒడ్డుకొచ్చే సీ లయన్లు, తిమింగలాలు తినడం. సీసం లేని తిండి కదా అని అందరూ సంతోషించారు. కానీ దశాబ్దాల కింద సముద్రంలో కలిసిన డీడీటీ అనే పురుగుమందు ఆ జంతువుల కొవ్వులో ఇంకా ఉంది. తిన్న ఆడపక్షుల గుడ్ల పెంకులు పల్చబడ్డాయి.

మనదగ్గర రాబందుల కథ తెలిసినవాళ్లకి ఇక్కడొక పోలిక తోస్తుంది. పశువుల నొప్పికిచ్చే డైక్లోఫెనాక్ ఉన్న కళేబరాలు తిని, 1992, 2007 మధ్య తెల్లవీపు రాబందులు 99.9 శాతం పోయాయి. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు, 2023లో ఇంకో రెండు మందుల్ని ఆపారు. తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట చరియల్లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు 2013లో బయటపడ్డాయంటే అందుకే అంత సంబరం. అమెరికా టర్కీ వల్చర్ల మీద డైక్లోఫెనాక్ పరీక్షిస్తే మన రాబందుల్ని చంపే మోతాదుకి వంద రెట్లకి పైగా ఇచ్చినా తట్టుకున్నాయి. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఇవి దగ్గరి చుట్టాలు కావు. రెండు చోట్లా ముప్పు చచ్చిన పశువులోంచే వచ్చింది, విషం మాత్రం వేరు. అందుకే ఒక చోటి మందు ఇంకో చోట పనిచేయదు. ఇక్కడ కొన్ని పశువుల మందులు ఆపితే చాలావరకు దారి దొరికింది. అక్కడ ఆపాల్సింది లక్షల మంది జేబుల్లోని తూటాని.

చూడాలనుకునేవాళ్లకి రెండు మాటలు. శాన్ హోసే నుంచి సుమారు రెండు గంటల దూరంలోని పినకిల్స్ జాతీయ ఉద్యానవనం అన్నిటికంటే సులువు. అక్కడి పక్షులు తినేది చుట్టూ ఉన్న రాంచ్‌ల మీదే గనక, ఉదయం తొమ్మిది, పది తర్వాత గాలి వేడెక్కాక బయల్దేరడం, సాయంత్రం తిరిగి హై పీక్స్ అనే శిఖరాల దగ్గర వాలడం కనిపిస్తాయి. బిట్టర్ క్రీక్ లోపలికి మామూలుగా రానివ్వరు, కానీ పక్కన హడ్సన్ రాంచ్ రోడ్డు అంచు నుంచి చూడొచ్చు. కంచె దాటొద్దు. అది వేరే వాళ్ల భూమి అన్నదొక్కటే కారణం కాదు. తింటున్న గుంపుని లేపితే, నిండు కడుపుతో ఎగరడానికి కష్టపడతాయి, ఆ తిండి వదిలేసి పోతాయి. చచ్చిన పశువు కనిపిస్తే దగ్గరికి పోయి ఫోటో తీయాలనే సరదా మానుకోవాలి. డ్రోన్ సంగతి చెప్పనక్కర్లేదు.

బైనాక్యులర్‌లో ట్యాగ్ రంగు, నంబరు, ఏ రెక్కకి ఉందో రాసుకుంటే కాండోర్ స్పాటర్ అనే వెబ్‌సైట్‌లో ఆ పక్షి ఎప్పుడు పుట్టిందో, ఏ గూటిలోదో చూడొచ్చు. గుంపుకి దూరంగా, రెక్కలు వేలాడేసి, తల వంచుకుని, మిగతావి లేచి వెళ్లినా కదలకుండా కూర్చున్న పక్షి కనిపిస్తే మాత్రం సైట్‌లో వెతకడంతో ఆగొద్దు. సమయం, చోటు, నంబరు ఆ ప్రాంతపు పార్కు సిబ్బందికి ఆ రోజే ఫోన్‌లో చెప్పాలి. సీసం ఎక్కిన పక్షికి కీలేషన్ అందాలంటే ముందు దాన్ని ఎవరో చూసి ఉండాలి.